క్రీడారంగం – విద్యార్థి క్షేమం

క్రీడలు దేహదార్ఢ్యాన్ని, సంఘభావాన్ని పెంపొందిస్తాయి. అయితే గెలుపుపై మక్కువ విద్యార్థి క్షేమాన్ని మించిపోతే ఆటస్థలమే ఆపదలకు నెలవవుతుంది.

అమెరికాలో ఉన్నత పాఠశాలల పోటీలను ఆయా రాష్ట్రాల క్రీడాసంఘాలు నిర్వహిస్తాయి. విద్యార్థుల రక్షణకు రాష్ట్ర శాసనసభలు చట్టాలు చేస్తాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006 అక్టోబరులో జాకరీ లైస్టెడ్ అనే 13 ఏళ్ల బాలుడు పాఠశాల జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ పడిపోగా అతని తల నేలకు తగిలింది. కొంతసేపు విశ్రమించి మళ్లీ ఆటలో దిగాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు. శస్త్రచికిత్సతో ప్రాణం దక్కింది. కాని మాట, నడక తిరిగి నేర్చుకోవలసి వచ్చింది.

తల బలంగా అదిరినప్పుడు పైకి గాయం కనిపించకపోవచ్చు; స్పృహ కూడా తప్పకపోవచ్చు. తలనొప్పి, తలతిరుగుడు, వాంతి, మరపు దాని లక్షణాలు. మెదడు కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే ప్రాణాపాయం కలుగవచ్చు. ఆటపై మమకారంతో బాలుడు బాధను దాచవచ్చు. గెలుపు కోరే శిక్షకుడు దానిని గమనించకపోవచ్చు. అందుచేత నిర్ణయాన్ని వారికే వదలడం క్షేమకరం కాదు.

2009 మే నెలలో ఆ రాష్ట్రంలో ‘లైస్టెడ్ చట్టం’ వెలువడింది. దాని ప్రకారం మెదడు అదిరిందన్న అనుమానం కలిగినా ఆటగాణ్ణి వెంటనే ఆటనుండి తప్పించాలి. తగిన శిక్షణ పొందిన వైద్యరంగ నిపుణుడు పరీక్షించి, లిఖితపూర్వకంగా అనుమతించేవరకు అతణ్ణి ఆడనివ్వరాదు. ఏటా విద్యార్థి, అతని తల్లిదండ్రులు ఈ ప్రమాదాన్ని వివరించే పత్రంపై సంతకం చేయాలి. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలూ ఇటువంటి చట్టాలను చేశాయి.

ఓడిన జట్టు మరొకనాడు గెలవవచ్చు. దెబ్బతిన్న మెదడు పూర్వస్థితికి వస్తుందన్న భరోసా లేదు. ఈ చట్టాలకు మూలం ఈ వివేకమే.