నంది కొండ చుట్టూ ద్రాక్ష సీమ

మడివాళలో బస్సు దిగే తెలుగువాళ్ళకు బెంగళూరు అంటే మొదట హోసూరు రోడ్డు, దాని పక్కన మార్కెట్టు. ఇక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 70 కిలోమీటర్లు వెళ్తే నంది కొండ. దాని చుట్టూ దొడ్డబళ్ళాపురం, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం. ద్రాక్ష పందిళ్ళకు పేరుపడ్డ నేల ఇది. చిక్కబళ్ళాపురం, కోలారు వైపు తెలుగులో మాట్లాడుకునే రైతులు కొల్లలు.

ఇక్కడి పాత పంట బెంగళూరు బ్లూ అనే ద్రాక్ష. దళసరి తోలు, గింజలు, దూరం నుంచే తెలిసే వాసన. ఏడాదికి రెండు కాపులిస్తుంది. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నగరంలో వీధివీధినా కనిపించే హాప్‌కామ్స్ పళ్ళ దుకాణాలు 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగానే మొదలయ్యాయి. రసానికి, తీపి వైన్‌కు బెంగళూరు బ్లూ బాగుంటుంది. ఫ్రెంచి తరహా వైన్‌కు మాత్రం కుదరదు.

ఆ తరహా వైన్ కోసం వ్యాపారవేత్త కన్వల్ గ్రోవర్ 1980లలో నంది కొండ దగ్గర ఫ్రెంచి రకాలు నాటించారు. షాంపేన్ ప్రాంతపు వైన్ నిపుణుడు జార్జ్ వెసెల్, ఆ తర్వాత బోర్దోకు చెందిన మిషెల్ రోలాన్ సలహాలిచ్చారు. నన్ను ఆకట్టుకునేది ఆ పేర్ల కంటే అక్కడి తీగల కత్తిరింపు. ఫ్రాన్స్‌లో చలికాలం తీగను నిద్రపుచ్చుతుంది. భూమధ్యరేఖకు 13 డిగ్రీల దూరంలోని ఈ నేల మీద తీగకు నిద్ర లేదు, దాన్ని రైతే అదుపులో పెట్టాలి. వేసవి మొదట్లో కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కత్తిరించి కొత్త కొమ్మలు పెంచుతారు. వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ కత్తిరిస్తారు. అప్పుడు వచ్చే పూత కాయగా మారి, చలికాలపు పొడి వాతావరణంలో పండుతుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు వల్ల రాత్రులు చల్లబడి పండులో పులుపు నిలుస్తుంది. వేడి దేశంలో మంచి వైన్‌కు ప్రాణం ఆ పులుపే.

కర్ణాటక 2007లో వైన్ విధానం తెచ్చి, వైన్ బోర్డు పెట్టింది. నంది లోయ ఒక్కటే కాదు, ఉత్తరాన కృష్ణా లోయ ఉంది. విజయపుర వైపు తినే ద్రాక్షకు, ఎండుద్రాక్షకు పెద్ద పేరు. కొప్పళ జిల్లాలో హంపి కొండల దగ్గర హైదరాబాద్ దంపతులు కృష్ణప్రసాద్, ఉమ చిగురుపాటి కృష్మా ఎస్టేట్స్ అనే వైన్ తోట నెలకొల్పారు. నంది కంటే అక్కడ ఎత్తు తక్కువ, ఎండ ఎక్కువ. కాబెర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష రకం ఒకటే అయినా నేల మారితే రుచి మారుతుంది.

ఇన్ని సీమలను కలిపి ‘ఇండియన్ వైన్’ అని ఒక్క మాటతో సరిపెట్టడం రైతుకు అన్యాయం. నంది చుట్టూ భూముల ధరలు పెరిగేకొద్దీ పందిరిని నిలబెట్టుకోవడం కష్టమవుతోంది. కొనేవాళ్ళు ఊరి పేరు అడిగితేనే ఆ పందిరికి విలువ పెరుగుతుంది. ఈసారి సీసా కొనేటప్పుడు ద్రాక్ష ఏ ప్రాంతానిదో చూడండి. రాసి లేకపోతే దుకాణంలో అడగండి.