మట్టిగోడకు తగిన పూత

మట్టిగోడ బలహీనమైనదనియు, దానిపై సిమెంటు పూసినచో గట్టిపడుననియు గ్రామములలో అనేకుల నమ్మకము. పాత ఇంటిని బాగుచేయించుకొనదలచిన రైతు మొదట సిమెంటు బస్తాలకే సొమ్ము వెచ్చించుచున్నాడు. ఈ నమ్మకము ఏల సరికాదో పంచాయతీ సభ్యులకు వివరించుట మా ఉద్దేశము.

మట్టిగోడ నేలనుండి చెమ్మను పీల్చుకొని, ఎండకు దానిని వెలుపలికి విడిచివేయును. ఈ రాకపోకలు సాగుచుండవలెను. సిమెంటు పూత చెమ్మ వెలికివచ్చు దారిని మూసివేయును. అంతేగాక, మట్టి తడిసినపుడు ఉబ్బి, ఆరినపుడు కుంచించుకొనును. బిరుసైన సిమెంటు దానితోపాటు కదలజాలక బీటలు వారును. ఆ బీటలగుండా వాననీరు లోనికి పోవును గాని తిరిగి రాజాలదు. నున్నగా కనిపించు పూత వెనుక గోడ మెత్తబడుచుండును. వానకాలమున రాత్రివేళ గోడ కూలి నిద్రించువారు మరణించిన వార్తలను ఏటేట వినుచున్నాము. అవి అన్నియు సిమెంటు వలన జరిగినవని మేము చెప్పుట లేదు. కాని లోపలి చెమ్మను దాచు పూత, ముందుగా హెచ్చరించు గుర్తులను కూడ దాచివేయును.

కావున పూత గోడకంటె గట్టిదిగా ఉండరాదు. మట్టిగోడకు మట్టిపూతయే తగినది. అయితే ప్రతి మన్నును పనికిరాదు. నల్లరేగడి ఒక్కటియే వాడినచో ఆరగానే నెఱ్ఱెలు విచ్చును. ఎఱ్ఱమన్నునకు ఇసుకను, సన్నగా తరిగిన వరిగడ్డిని చేర్చి, నీటితో తడిపి, కొన్ని దినములు నాననిచ్చి, కాళ్లతో బాగుగా త్రొక్కవలెను. ఇసుక పాలు మన్నును బట్టి మారును. అందుచేత పాళ్లు మార్చి మూడు నాలుగు మిశ్రమములు చేసి, ఒక్కొక్కదానిని గోడపై జానెడు మేర పూసి ఆరనీయుడు. బీటలు వారినచో ఇసుక చాలలేదు. వ్రేలితో రాచినపుడు పొడి రాలినచో ఇసుక ఎక్కువైనది.

గోడను దులిపి, నీళ్లు చిలుకరించి, అర అంగుళము మందమున మొదటి పూత వేయవలెను. అది ఆరిన పిదప పలుచని రెండవ పూత వేసి, పేడతో అలికి, పైన సున్నము కొట్టవచ్చును. జల్లు నేరుగా తగులు గోడల కొరకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, కిరసనాయిలుతో పలుచచేసిన తారును మట్టిలో కలిపి, వానకు సులభముగా కరగని పూతను రూపొందించినది. తారు కాచుపని ఇండ్లకు దూరముగా, తెలిసినవారిచేతనే జరుపవలెను.

ఇదివరకే సిమెంటు పూసిన గోడను తట్టి చూడుడు. డొల్ల శబ్దము వచ్చినచోట పూత గోడను విడిచినదని గ్రహించి, వేసవిలో దానిని మెల్లగా తొలగించి, గోడ ఆరిన తరువాతనే మట్టిపూత వేయించవలెను. గోడ ఉబ్బియున్నను, ఒరిగియున్నను అందు కాపురముండరాదు.

ఏ పూతయైనను పైన చూరు, క్రింద కాలువ సరిగా ఉన్నపుడే నిలుచును. చూరు గోడను దాటి ముందుకు రావలెను. వీధికి సిమెంటు రోడ్డు వేసినపుడు అది ఇంటి వాకిలికంటె ఎత్తైనచో, వీధినీరు గోడ మొదటికే చేరును. ఇది గృహస్థుని లోపము కాదు. రోడ్డుతోపాటు కాలువను కూడ త్రవ్వించు బాధ్యత పంచాయతీది. తొలకరికి ముందే సభ్యులు తమ వార్డులలోని మట్టి ఇండ్లను ఒకమారు చూచి రావలెనని మా మనవి.