పొలం పటము – ఏఐ చాట్ సహాయకుడు: ఋణగ్రహీతలకు, డీలర్లకు కొన్ని సూచనలు

రెండవ బోరు కొరకు ఋణ దరఖాస్తుతో బ్రాంచికి వచ్చు రైతులలో కొందరి వద్ద ఇప్పుడు పాసు పుస్తకంతో పాటు ఫోనులో ఒక రంగుల పటం కూడా ఉంటున్నది. పచ్చ రంగు ఉన్న చోట వేలు ఉంచి, "ఏఐని అడిగాను సార్, ఇక్కడ నీళ్లు పడతాయని చెప్పింది" అంటున్నారు. ఈ మాటను తేలికగా కొట్టివేయుట సరికాదు, యథాతథంగా అంగీకరించుటయూ సరికాదు. మీరు అడిగినది ఏమి, సహాయకుడు సమాధానమును ఎక్కడ నుండి తెచ్చినది అనునవి ముందుగా తెలియవలెను. బోరులో నీరు పడకపోయినా వాయిదా మాత్రం పడుతుంది గనుక ఈ విషయమును కొంత విపులముగా వ్రాయవలసి వచ్చినది.

ఏఐ చాట్ సహాయకుడు ప్రధానంగా భాషా యంత్రము. అది చదివిన అసంఖ్యాకమైన వ్రాతల ఆధారంగా మీ ప్రశ్నకు తగిన వాక్యములను కూర్చును. మీ పొలమును అది చూడలేదు. మీరు ఫోటోనో, పటమునో, అంకెల పట్టికనో ఇచ్చినపుడు, లేదా అది ఏదైనా పటముల వెబ్‌సైటుతో అనుసంధానింపబడి ఉన్నపుడు మాత్రమే దానికి మీ నేల గురించి కొంత తెలియును. ఈ రెండూ లేకుండ "మా ఊరిలో నీరు ఎంత లోతున ఉన్నది?" అని అడిగితే, జిల్లా మొత్తానికి వర్తించు సాధారణ విషయమును మీ పొలం సంగతి వలె చెప్పగలదు. వాక్యం నున్నగా ఉండుటచేత వినువారికి అనుమానం రాదు. కావున ప్రతి సమాధానం తరువాత ఒక ప్రశ్న వేయుడు: "ఈ సంగతి ఏ పటం నుండి, ఏ తేదీ నాటి చిత్రం నుండి చెప్పుచున్నావు?" తేదీ గాని, పటం పేరు గాని చెప్పలేకపోయిన యెడల ఆ సమాధానముపై రూపాయి పెట్టవద్దు.

అంకెలు ఇచ్చునపుడు

ఫోనులోని పటముపై ఒక చోట వేలిని కొంతసేపు నొక్కి ఉంచినచో రెండు అంకెలు కనిపించును. మొదటిది అక్షాంశం, రెండవది రేఖాంశం. హైదరాబాదు పరిసరములలో ఇవి సుమారు 17, 78 గా ఉండును. చుక్క తరువాతి అంకెలే ఇక్కడ ప్రధానం. మూడవ స్థానంలో ఒక అంకె మారితే నేలపై సుమారు 110 మీటర్లు, ఐదవ స్థానంలో మారితే సుమారు ఒక మీటరు తేడా వచ్చును. మూడు స్థానముల వరకే వ్రాసుకొని వచ్చి గట్టు కొలువుమనుట గజం బద్దతో ఆవగింజను కొలువుమనుట వంటిది.

వరుస కూడా ముఖ్యమే. ఫోను పటములలో అక్షాంశం ముందు వచ్చును. కేఎమ్ఎల్ అను పటముల ఫైలులో రేఖాంశం ముందు వ్రాయవలెను. సహాయకునితో అట్టి ఫైలు వ్రాయించుకొనునపుడు ఈ రెండూ తారుమారైతే మన పొలం ఉత్తర ధ్రువమునకు సమీపమున నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచు దీవులలో తేలును. అంత దూరం పోయినపుడు పొరపాటు వెంటనే కనబడును గనుక అది మేలే. కనబడని చిన్న తేడాలే నష్టము కలిగించును.

విస్తీర్ణం సంగతి చూడుడు. గుంట అనగా 33 అడుగుల చదరం, 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరం. సమచతురస్రంగా ఉన్న ఎకరానికి ఒక్కొక్క వైపు సుమారు 63.6 మీటర్లు, చుట్టుకొలత 254 మీటర్లు. ఫోనులోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపుట సహజం. నాలుగు గట్ల వెంబడి మూడు మీటర్లు బయటకు చూపినదనుకొనుడు. సుమారు 20 సెంట్లు, అనగా దాదాపు ఎనిమిది గుంటలు మీ ఎకరానికి ఊరకనే కలిసిపోవును. సహాయకుడు చేసిన లెక్క తప్పు కాదు, దానికిచ్చిన అంకెలలోనే తేడా ఉన్నది. అందుచేత ముందుగా పొలంలో ఒక తిన్నని వైపును టేపుతో కొలిచి, అదే వైపు దూరమును సహాయకునితో లెక్కింపజేసి, రెండింటినీ పోల్చి చూచుకొనవలెను. "నోటి లెక్క చెప్పవద్దు, చిన్న ప్రోగ్రాము వ్రాసి నడిపి చూపుము" అని అడుగుటయూ మంచిది. ఇప్పటి సహాయకులలో చాలావాటికి ఆ సదుపాయం కలదు. వాక్యముల మధ్య తోచిన అంకె కంటె ప్రోగ్రాము నడిపి తెచ్చిన అంకె నమ్మదగినది.

బోరు పాయింటు

ఇక అసలు విషయం. హైదరాబాదు బాలానగరులోని జాతీయ దూరస్పర్శన కేంద్రం వారు ఉపగ్రహ చిత్రముల ఆధారంగా దేశమంతటికీ భూగర్భ జల అవకాశముల పటములను తయారు చేసినారు. 2009లో ఇస్రో ఆరంభించిన భువన్ వెబ్‌సైటులో వీటిని ఎవరైనా చూడవచ్చును. ఇవి విలువైన పటములు. గ్రామీణ తాగునీటి పథకముల కొరకు గాలించవలసిన ప్రాంతమును కుదించుటకు ఉద్దేశింపబడినవి. అయితే వీటి కొలమానం 1:50,000. అనగా పటముపై ఒక మిల్లీమీటరు నేలపై 50 మీటర్లు. పైన చెప్పిన ఎకరం ఈ పటముపై ఒకటింపావు మిల్లీమీటరు చదరం, ఆవగింజ కంటె పెద్దది కాదు. ఆ ఆవగింజలో ఈ మూలన పడునా ఆ మూలన పడునా అని పటమును అడుగుట న్యాయం కాదు. పటమును ఎంత పెద్దది చేసి చూచినా దానిలో లేని వివరం దానిలోకి రాదు. సహాయకుడు మాత్రం అడిగినచో ఒక చుక్క పెట్టి ఇవ్వగలదు. ప్రమాదం అచ్చటనే ఉన్నది.

తెలంగాణలో అధిక భాగం, రాయలసీమలో అనంతపురం ప్రాంతం గ్రానైటు, నైసు వంటి గట్టి రాతి నేలలు. ఇసుక నేలలలో వలె నీరు అంతటా పరచుకొని ఉండదు. పైన చివికిన రాతి పొరలోను, దాని క్రింద రాతి పగుళ్లలోను మాత్రమే నిలువ ఉండును. అందుకే కొద్ది గజముల ఎడంలో ఒక బోరు నిండుగా పోయుట, ఇంకొకటి దుమ్ము లేపుట మనం చూచుచున్నాము. ఉపగ్రహం నేల పైభాగమును మాత్రమే చూచును. వాగు తిన్నగా సాగిన చోట, చెట్ల పచ్చదనం ఒక గీత వలె కనబడు చోట క్రింద పగులు ఉండవచ్చునని నిపుణులు ఊహింతురు. పాయింటును మాత్రం నేలపై విద్యుత్ నిరోధ పరీక్ష జరిపిన తరువాతనే నిర్ణయింతురు. ఆ పరీక్షకగు ఖర్చు ఎండిన బోరు ఖర్చుతో పోల్చదగినది కాదు.

అట్లయిన సహాయకుడు ఎందుకు? నా అభిప్రాయంలో దాని ఉత్తమ ఉపయోగం వేరు. మీ పొలం చుట్టూ ఉన్న బోర్లు, పనిచేయునవీ, ఎండినవీ, ఒక్కొక్కటి ఎక్కడ ఉన్నది, ఏ సంవత్సరం వేసినది, ఎంత లోతు, నీరు ఎన్ని అడుగుల వద్ద తగిలినది, ఇప్పుడు ఎన్ని అంగుళములు పోయుచున్నది అను వివరములను ఒక పట్టికగా వ్రాయుడు. ఇరువది బోర్ల పట్టిక చేతనున్న రైతుకు ఆకాశం నుండి తీసిన ఏ చిత్రం కంటెను ఎక్కువ తెలియును. ఈ పట్టికను సహాయకునికి ఇచ్చి, ఎండిన వాటిని ఎరుపుగా, పోయువాటిని నీలంగా పటముపై గుర్తింపుమని, లోతు ఏ వైపునకు పెరుగుచున్నదో చెప్పుమని అడుగవచ్చును. ఇటువంటి పనిని అది నిమిషములలో చేయును. నూరు బోర్లు వేసిన ఊరిలో ఇటీవలి బోర్లన్నీ పాతవాటి కంటె లోతుగా పోవుచున్నట్లు ఆ పటం చూపినచో, ఇంకొక బోరు కొరకు ఋణం అడుగుట కంటె ఉన్న నీటికి డ్రిప్పు అమర్చుకొనుట గురించి మాట్లాడుకొనుట మేలు.

పంపుసెట్ల డీలర్లకు ఇక్కడ ఒక మాట. ఏ పొలంలో మోటారు ఎన్ని అడుగులకు దించినారో, మరుసటి వేసవిలో ఎన్ని పైపులు అదనంగా కలిపినారో మీ బిల్లు పుస్తకములలోనే ఉన్నది. రైతు అంగీకారంతో ఆ సమాచారమును ఊరివారితో పంచుకొన్న డీలరును ఊరు మరువదు.

దూరముల లెక్కకు కూడా సహాయకుడు పనికివచ్చును. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపల కొత్త బోరునకు నిషేధం కలదు. మీరు అనుకొన్న చోటు నుండి పంచాయతీ బోరు ఎంత దూరమో రెండు జతల అంకెలతో తేలిపోవును. లెక్క 240, 260 మధ్య వచ్చినచో టేపు పట్టుకొని కొలువుడు. అదే విధంగా మీ మండలం భూగర్భ జలముల లెక్కలో సురక్షితమా, అతి వినియోగమా అని అడుగవచ్చును. తోడిన నీరు, ఏటా తోడదగిన నీటిలో 70 శాతం దాటనిది సురక్షితం, 100 శాతం దాటినది అతి వినియోగం. ఈ లెక్క 2022 నుండి ఏటా వెలువడుచున్నది గనుక సంవత్సరం చెప్పని సమాధానం పాత పంచాంగంతో సమానం.

పచ్చదనపు చిత్రములు

ఐరోపా అంతరిక్ష సంస్థ వారి సెంటినెల్-2 చిత్రములు సుమారు ఐదు రోజులకొకసారి ఉచితంగా లభించుచున్నవి. వాటిలో ఒక చుక్క నేలపై 10 మీటర్ల చదరం, అనగా దాదాపు సరిగ్గా ఒక గుంట. ఎకరానికి నలుబది చుక్కలు. గట్టు మీద పడిన చుక్కలలో మీ పైరు, పొరుగువాని పైరు, గట్టు మీది చెట్టు కలిసిపోవును. చిన్న కమతములలో లోపలి చుక్కలనే లెక్కకు తీసుకొనుమని సహాయకునికి స్పష్టంగా చెప్పవలెను. బ్రతికియున్న ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని, కంటికి కనబడని పరారుణ కాంతిని వెనుకకు పంపును. ఈ రెండింటి తేడా నుండి పచ్చదనపు సూచికను లెక్కింతురు. బి.ఎస్సీ.లో పత్రహరితం పాఠం చదివినపుడు అది ఇంత దూరం ప్రయాణించునని మాకెవరికీ తోచలేదు. సూచికకు పైరు అయినా, కలుపు అయినా, సర్కారు తుమ్మ అయినా పచ్చదనమే. ఖరీఫులో మబ్బుల వలన వారముల తరబడి చిత్రం దొరకకపోవచ్చును. అప్పుడు మబ్బును దాటి చూచు రాడారు చిత్రములు అక్కరకు వచ్చును. 2025 జులై 30న శ్రీహరికోట నుండి ప్రయోగించిన నైసార్ ఆ కోవకు చెందినదే.

గట్టు తగాదాలు

గ్రామ పటమును ఉపగ్రహ చిత్రంపై పరచి చూపు వెబ్‌సైటులు ఉన్నవి. పాత కాగితపు పటమును అట్లు అతికించునపుడు సర్వే నంబర్ల గీతలు నేలమీది గట్ల నుండి కొన్ని మీటర్లు, ఒక్కొక్కచోట ఇంకా ఎక్కువగా, ప్రక్కకు జరిగి ఉండవచ్చును. అది చూచి పొరుగు రైతు నాలుగు సాళ్లు ఆక్రమించినాడని నిశ్చయించుకొనరాదు. ఊరిలోని గీతలన్నీ ఒకే వైపునకు ఒకే కొలత జరిగినవా అని సహాయకుని అడుగుడు. జరిగియున్నచో లోపం పటము అతికించుటలో ఉన్నది. హద్దు తేల్చునది ఎఫ్.ఎం.బి. నకలు, సర్వేయరు కొలత మాత్రమే. ఫోను చిత్రం తహశీల్దారు వద్ద గాని, బ్యాంకు వద్ద గాని హక్కు పత్రం కాజాలదు.

ఎరువులు, విత్తనముల డీలర్లు సరుకు చేరవేత కొరకు గ్రామముల దూరములు లెక్కింపజేయుచున్నారు. సహాయకుడు సాధారణంగా కాకి దూరం చెప్పును. నరసాపురం నుండి సఖినేటిపల్లి వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డే. రేవు దాటితే దగ్గర. లారీ మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవలెను. "రోడ్డు దూరం" అని అడిగి, అది ఏ రోడ్డు పట్టుకొన్నదో చూచుకొనుడు. ఖాతాదారుల పట్టికను ఇచ్చునపుడు పేర్లు, ఆధార్ సంఖ్యలు, బాకీ మొత్తములు తీసివేసి, రైతు-1, రైతు-2 అని వ్రాయుడు. పటమునకు వాటితో పనిలేదు.

పంటల బీమా చేసియున్న రైతులకు మరొక సంగతి. వడగండ్లు, ముంపు వంటి స్థానిక విపత్తు కలిగినపుడు 72 గంటలలోగా సమాచారం ఇవ్వవలెను. ఉపగ్రహ చిత్రం ఐదు రోజులకు గాని రాకపోవచ్చును. దాని కొరకు వేచియుండక ముందుగా ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్య వ్రాసుకొనుడు. చిత్రమును తరువాత జతపరచవచ్చును.