పారేయడానికే పుట్టిన ప్రింట్‌హెడ్

సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్‌లో ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉండే తెలుగువాళ్లు కలర్ ప్రింటర్ కొనడానికి ఆఫీసు పని ఒక్కటే కారణం కాదు. సింగపూర్ బడుల్లో భారతీయ భాషలంటే తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగుకి అక్కడ చోటు లేదు. పిల్లలతో ఓనమాలు దిద్దించాలంటే పేజీలు ఇంట్లో ప్రింటు తీసుకోవాల్సిందే. ‘అ’ పక్కన అరటిపండు ఎప్పుడూ బాగానే పడుతుంది. ‘ట’ పక్కన టమాటా మాత్రం ఒక రోజు పసుపుపచ్చగా వచ్చి కూర్చుంటుంది. ప్రింటర్‌లో ఎర్ర ఇంకంటూ వేరే ఉండదు. మెజెంటా, పసుపు కలిస్తేనే ఎరుపు. టమాటా పసుపెక్కిందంటే మెజెంటా రావడం ఆగిపోయిందన్నమాట. “మొన్ననే కదండీ ఇంకు పోశారు!” అని ఇంట్లోంచి ఒక మాట. “హెడ్ జామ్ అయుంటుంది బావా, అది పారేసి కొత్తది కొను” అని ఫోన్లో ఇంకో మాట. రెండూ సగం సగమే నిజం.

మిగతా సగం తెలియాలంటే సిరా చిమ్మే ఆ ప్రింట్‌హెడ్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

కాగితాన్ని ముట్టుకోకుండా దాని మీద ఇంకు చిమ్మి రాయాలన్న ఆలోచన పాతదే. 1867లోనే లార్డ్ కెల్విన్ సముద్రగర్భ తంతి సంకేతాలను సన్నని గాజుగొట్టంలోంచి కారే సిరాతో కాగితం మీద గీయించాడు. 1951లో స్వీడన్‌కి చెందిన రూనె ఎల్మ్‌క్విస్ట్ గుండె సంకేతాలను సిరాధారతో గీసే పరికరానికి అమెరికా పేటెంటు పొందాడు. 1958లో మనిషి ఒంట్లో అమర్చిన మొదటి పేస్‌మేకర్‌ను తయారుచేసింది కూడా ఈయనే. అయితే ఈ పరికరాలన్నిటిలో సిరా ఆగకుండా ధారగా వస్తూనే ఉండేది. కావలసినప్పుడు, కావలసిన చోట ఒక్క చుక్క రాల్చి ఊరుకునే యంత్రం అప్పటికింకా రాలేదు.

1977లో జపాన్‌లోని కానన్ పరిశోధనశాలలో ఇచిరో ఎండో బల్ల మీద ఒక చిన్న సంఘటన జరిగింది. సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున తగిలింది. సూది మొన నుంచి సిరా చివ్వున చిమ్మింది. వేడికి లోపల బుడగ పుట్టి, సిరాను బయటికి నెట్టిందని ఎండో గ్రహించాడు. ఈ సంగతేమీ తెలియని హ్యూలెట్ ప్యాకర్డ్ (హెచ్‌పీ) ఇంజనీరు జాన్ వాట్, కొద్దికాలం తర్వాత కాలిఫోర్నియాలో దాదాపు ఇదే చోటికి వచ్చాడు. కాఫీ పెర్కొలేటర్‌లో ఆవిరి నీటిని పైకి తన్నడం చూసి ఆయనకు ఈ ఊహ తట్టిందంటారు. తర్వాత రెండు కంపెనీలూ కొట్లాడుకోకుండా ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకునేలా ఒప్పందం చేసుకున్నాయి. వ్యాపారచరిత్రలో అంత తెలివైన రాజీలు ఎక్కువగా కనబడవు.

లోపల జరిగేది నిజంగా అద్భుతం. హెడ్ అంటే ఒక చిన్న సిలికాన్ ముక్క, దాని మీద వరసగా బుల్లి గదులు. ప్రతి గది అడుగున పలచటి లోహపు పూతతో చేసిన హీటర్, పైన వెంట్రుక మందంలో మూడోవంతు వెడల్పుండే రంధ్రం. సెకనులో పది లక్షల వంతు రెండో మూడో గడిచేంతసేపు కరెంటు పారితే, హీటర్‌ను ఆనుకున్న సిరాపొర 300 డిగ్రీలు దాటుతుంది. వంద డిగ్రీల దగ్గర నిదానంగా మరగడానికి దానికి వ్యవధి ఉండదు, ఒక్కసారిగా పేలి ఆవిరవుతుంది. ఆ బుడగ ఒక చుక్కను రంధ్రంలోంచి బయటికి నెట్టి, వెంటనే కూలిపోతుంది. కూలేటప్పుడు హీటర్ మీద సమ్మెట దెబ్బ పడినట్టే. అందుకని హీటర్ పైన గట్టి టాంటలమ్ లోహపు పొర కవచంగా వేస్తారు. ఖాళీ అయిన గదిలోకి కొత్త సిరా దానంతటదే పాకి వస్తుంది. ఇదంతా సెకనుకు వేలసార్లు జరుగుతుంది. చుక్క పరిమాణం కొన్ని పికోలీటర్లు. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఆ హీటర్‌ను చల్లబరిచేది కూడా సిరాయే.

1984లో హెచ్‌పీ థింక్‌జెట్ వచ్చింది. 12 రంధ్రాలు, ధర 495 డాలర్లు. అందులో అసలు తెలివి బుడగది కాదు, కార్ట్రిడ్జ్‌ది. రంధ్రాలు పూడుకుపోవడం, హీటర్లు అరిగిపోవడం అప్పటి ఇంజనీర్లను పట్టి పీడించిన సమస్యలు. ఏళ్లకేళ్లు నిలిచే హెడ్ చేయడం కష్టం. అయితే నిలవాల్సిన పనేముంది? హెడ్‌ను, సిరాబుడ్డిని ఒకే డబ్బాలో పెట్టేసి, సిరా అయిపోగానే రెండింటినీ కలిపి పారేయమంటే సరి. కష్టమైన ప్రశ్నను పరిష్కరించలేదు, దాన్ని చెత్తబుట్టకి తోసేశారు. ఇంజనీరింగ్ పరంగా చూస్తే ఇది గొప్ప ఎత్తు. అదే కొనేవాడి జేబువైపు నుంచి చూస్తే మాత్రం, ప్రింటర్ చవగ్గా ఇచ్చి సిరా దగ్గర రాబట్టుకునే వ్యాపారానికి అక్కడే పునాది పడింది.

1988లో హెచ్‌పీ డెస్క్‌జెట్ మామూలు కాగితం మీద అంగుళానికి 300 చుక్కలు వేసింది. ఈ కథలో సింగపూర్‌కీ భాగముంది. 1970లో సింగపూర్ వచ్చిన హెచ్‌పీ మొదట కంప్యూటర్ మెమరీ కోర్లను తీగలతో అల్లించుకునేది. పోనుపోను ఇంక్‌జెట్ ప్రింటర్ల తయారీ, రూపకల్పన కూడా ఈ దీవిలోనే జరిగాయి. 1991లో డెస్క్‌జెట్ 500సీతో రంగులు వచ్చాయి. మూడు రంగులు ఒకే డబ్బాలో, మూడు అరల్లో, మూడు స్పాంజిల్లో. ఒక రంగు అయిపోతే మిగతా రెండూ నిండుగా ఉన్నా డబ్బా మార్చాల్సిందే.

ఈ లెక్క మనవాళ్లకు నచ్చకపోవడంలో వింతేముంది? అందుకే సిరంజి, సూది, సీసాల్లో రంగులు. సిరాతో పాటే పోవాల్సిన హెడ్ రెండో జన్మ, మూడో జన్మ ఎత్తుతోంది. దాని జబ్బులన్నీ ఈ పునర్జన్మల్లోనే మొదలవుతాయి.

మొదటిది ఎండిపోవడం. సిరాలో ఎక్కువ భాగం నీళ్లే. ఆరకుండా గ్లైకాల్ వంటివి కలుపుతారు. అయినా రంధ్రం దగ్గర గాలి తగిలితే, పాల మీద మీగడ కట్టినట్టు సిరా చిక్కబడుతుంది. ఏడాది పొడుగునా గాలి తేమగా ఉండే సింగపూర్‌లో ఇది కొంత నిదానం. ఏప్రిల్ మధ్యాహ్నం కర్నూలులోనో, హైదరాబాదులోనో చాలా తొందర. కాకపోతే రాత్రంతా ఏసీ నడిచే గదిలో సింగపూర్ తేమ కూడా కాపాడదు. అసలు కాపాడాల్సింది ప్రింటర్ పక్కనున్న రబ్బరు మూత. ప్రింటర్ బటన్‌తో ఆపితే హెడ్ వెళ్లి ఆ మూత మీద కూర్చుంటుంది. మనవాళ్లు కరెంటు ఆదా అని గోడ స్విచ్ నొక్కేస్తారు. పని మధ్యలో అలా నొక్కితే హెడ్ ఎక్కడుంటే అక్కడే మూత లేకుండా ఆగిపోతుంది. హెడ్లు పూడుకుపోవడానికి నాసిరకం సిరా కంటే ఈ స్విచ్చే పెద్ద కారణమని నా అనుమానం.

రెండోది గాలి. సిరంజితో వేగంగా పోస్తే స్పాంజిలో బుడగలు చిక్కుకుంటాయి. సిరా ఉన్నా రంధ్రం దాకా రాదు. కారకుండా ఉండాలని పైనున్న గాలిరంధ్రాన్ని టేపుతో బిగించేసినా ఇదే గతి: గాలి లోపలికి పోకపోతే సిరా బయటికి రాదు. మరీ ఎక్కువ పోస్తే ఇంకో తంటా, ఒక రంగు పక్క అరలోకి పొంగి పసుపు కాస్తా ఆకుపచ్చవుతుంది.

మూడోది ప్రాణాంతకం. ఈ తరహా ప్రింటర్లు కార్ట్రిడ్జ్‌లోకి తొంగిచూసి సిరా కొలవవు. ఎన్ని చుక్కలు వేశాయో లెక్కపెట్టి, ఇంతే మిగిలి ఉంటుందని అంచనా వేస్తాయి. మీరు రీఫిల్ చేసినట్టు ప్రింటర్‌కి తెలియదు. ‘ఖాళీ’ అని చూపిస్తూనే ఉంటుంది, మనం పట్టించుకోవడం మానేస్తాం. తర్వాత మెజెంటా నిజంగా అయిపోయినప్పుడు హెచ్చరించేవాళ్లు ఎవరూ ఉండరు. సిరా లేని గదిలో హీటర్ వెలుగుతూనే ఉంటుంది, చల్లబరిచేది లేక మాడిపోతుంది. అది జామ్ కాదు. ఎంత కడిగినా రాదు.

అందుకే వైద్యానికి ముందు రోగమేదో తేల్చుకోవాలి. ముందు, రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో గీతలతో చూపే నాజిల్ చెక్ పేజీ రెండుసార్లు తీయండి. గీతల్లో ఖాళీలు రెండు పేజీల్లోనూ అదే చోట ఉంటే ఆ రంధ్రాలు ఎండి ఉండాలి, లేదా హీటర్లు పోయి ఉండాలి. ఖాళీలు చోటు మారుతుంటే గాలి. పేజీ పైన రంగు నిండుగా మొదలై కిందికి వచ్చేసరికి వెలిసిపోతుంటే సిరా అందడం లేదు. టేపు తీసి, సూదిమొనంత గాలిదారి ఇచ్చి, కార్ట్రిడ్జ్‌ను కొన్ని గంటలు ఊరికే వదిలేస్తే తరచు కుదుటపడుతుంది.

రెండో పరీక్షకు టిష్యూ కాగితం చాలు. దాన్ని గోరువెచ్చటి నీళ్లతో తడిపి, పిండి, మడతపెట్టి, దాని మీద హెడ్‌ను రుద్దకుండా కాసేపు అదిమి పట్టాలి. కాగితం సిరాను పీల్చుకుంటుంది. సయాన్, మెజెంటా, పసుపు మూడు పట్టీలు పక్కపక్కనే పడాలి. ఇక్కడ హీటర్ ప్రమేయమే లేదు. కాబట్టి టిష్యూ మీద మెజెంటా నిండుగా పడి, ప్రింటులో పడకపోతే దారి తెరిచే ఉంది, తప్పు విద్యుత్తుది. వెనకాల రాగి రంగు కాంటాక్టులను నూలు రాలని మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి. అప్పటికీ రాకపోతే హీటర్లు మాడినట్టే. టిష్యూ మీదే పట్టీ పడకపోతే మాత్రం ఆశ ఉంది. పళ్లెంలో రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్ పోసి, కాంటాక్టులు తడవకుండా హెడ్ మొహం వరకే కొన్ని నిమిషాలు నానబెట్టి, మళ్లీ టిష్యూ మీద అదమండి. మరిగే నీళ్లు వద్దు. అసిటోన్ అసలే వద్దు, ప్లాస్టిక్‌నూ జిగురునూ తినేస్తుంది. రంధ్రంలో సూది పెట్టి పొడవడమంటే చేజేతులా చంపడమే.

ప్రింటర్‌లో ఉండే ‘క్లీనింగ్’ను వరసపెట్టి నొక్కడం కూడా మంచి వైద్యం కాదు. అడ్డుపడినది మెజెంటా అయినా ప్రతిసారీ మూడు రంగుల సిరా ఖర్చవుతుంది. ఆ సిరా అంతా అడుగునున్న పీల్చుడు మెత్తలోకి చేరుతుంది. ఇంకో జాగ్రత్త: డై సిరా (నీళ్లలో కరిగిన రంగు) వాడే కార్ట్రిడ్జ్‌లో పిగ్మెంట్ సిరా (కరగని సన్నని రంగుపొడి) పోస్తే రెండూ కలిసి గడ్డకట్టే ప్రమాదం ఉంది. రంగు ఒకటే కదా అని సీసా మార్చకండి.

సిరంజిపట్టిన జనం చివరికి కంపెనీలనే మార్చారు. ఆగ్నేయాసియాలో జనం ప్రింటర్ పక్కన సీసాలు పెట్టి, గొట్టాలు లోపలికి లాగి వాడుకోవడం చూసి, ఎప్సన్ ఆ ఏర్పాటును ట్యాంకు ప్రింటర్‌గా తానే తయారుచేసి 2010లో మొదట ఇండొనేషియాలో అమ్మకానికి పెట్టింది. తర్వాత కానన్, హెచ్‌పీ అదే దారి పట్టాయి. 2017లో అమెరికా సుప్రీంకోర్టు, లెక్స్‌మార్క్ కంపెనీ టోనర్ కార్ట్రిడ్జ్‌ల కేసులో, ఒకసారి అమ్మిన కార్ట్రిడ్జ్‌ను ఇంకొకరు తిరిగి నింపకుండా పేటెంటుతో అడ్డుకోలేరని తేల్చింది. ట్యాంకు ప్రింటర్లలో హెడ్ పారేసే వస్తువు కాదు, ప్రింటర్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి దాన్ని ఎండనివ్వకుండా చూసుకోవడం ఇంకా అవసరం. వారానికొక రంగుల పేజీ తీస్తే చాలు.

డబ్బాలోనే హెడ్ ఉన్న కార్ట్రిడ్జ్‌ను రెండు మూడుసార్లు నింపుకోవడం తెలివే. ఆ తర్వాత టిష్యూ పరీక్ష నెగ్గి కూడా రంగు పడకపోతే దాని మీద ఇంకో సీసా ఖర్చుపెట్టకండి. ప్రింటరే పోయిన రోజున దాన్ని బ్లాకు కింద చెత్త దగ్గర వదిలి రాకండి. 2021 జులై 1 నుంచి సింగపూర్‌లో ప్రింటర్ల వ్యర్థాల బాధ్యత వాటిని తయారుచేసి గానీ, దిగుమతి చేసి గానీ అమ్మినవాళ్లదే. కొత్త ప్రింటర్‌ను ఇంటికి చేర్చే దుకాణం, అడిగితే పాతదాన్ని ఉచితంగా తీసుకెళ్లాలి. అడగండి.