బెర్లిన్ పోయి.. కిచెనర్ వచ్చె!

కెనడా ఉద్యోగ ప్రకటనల్లో ‘కే-డబ్ల్యూ’ అని కనిపిస్తే అదేదో కంపెనీ అనుకోకండి. ఒంటారియోలో పక్కపక్కనే ఆనుకుని ఉన్న కిచెనర్, వాటర్లూ అనే రెండు ఊళ్లవి. వాటర్లూ పేరు యూనివర్సిటీ వల్ల మనవాళ్లకు బాగానే తెలుసు. కిచెనర్ సంగతే ఎవరూ పట్టించుకోరు. 2021 జనాభా లెక్కల్లో రెండున్నర లక్షలు దాటిన ఆ ఊరి పాత పేరేంటో తెలుసా? బెర్లిన్!

జర్మన్ మాట్లాడేవాళ్లు వచ్చి స్థిరపడ్డ ఊరు మరి. అంతా బాగానే ఉండేది.. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేదాకా. ఆ ఆగస్టులోనే విక్టోరియా పార్కులో ఉన్న జర్మన్ చక్రవర్తి విగ్రహాన్ని పీకి చెరువులో పడేశారు. కెనడాలోనే పుట్టి పెరిగినా, ఇంటిపేరు జర్మన్‌ది అయితే చాలు.. అనుమానపు చూపులు. ఊరి పేరు మార్చాలా వద్దా అని 1916 మేలో ఓటింగ్ పెట్టారు. మార్చాలన్నవాళ్లు 1,569 మంది, వద్దన్నవాళ్లు 1,488 మంది. తేడా 81 ఓట్లే!

సరే, కొత్త పేరేంటి? అదే సమయంలో, జూన్ 5న బ్రిటన్ యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్ ప్రయాణిస్తున్న ఓడ మునిగి ఆయన చనిపోయారు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో బ్రిటిష్ సైన్యాన్ని నడిపింది ఈయనే. రెండో ఓటింగ్‌లో ఆయన పేరుకు 346 ఓట్లు వచ్చాయి. పదిహేను వేల పైచిలుకు జనం ఉన్న ఊరికి 346 మంది పేరు పెట్టేశారన్నమాట! చాలామంది అసలు ఓటే వేయలేదు. అలా సెప్టెంబరు 1 నుంచి బెర్లిన్ కాస్తా కిచెనర్ అయింది.

పేరు మార్చుకున్నట్టే ఊరు పనులూ మార్చుకుంది. ఒకప్పుడు ఇక్కడ బొత్తాలు, బూట్లు, తోలు, రబ్బరు ఫ్యాక్టరీలే ఉపాధి. 1886లో జాన్ మెట్జ్ ష్నైడర్ అనే బొత్తాల ఫ్యాక్టరీ కార్మికుడి చేతికి దెబ్బ తగిలింది. పనికి వెళ్లలేక ఇంట్లోనే సాసేజ్‌లు చేసి ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. అదే తర్వాత కెనడా అంతటా తెలిసిన మాంసం కంపెనీ అయింది. లాంగ్ కుటుంబం నడిపిన పాత తోళ్ల ఫ్యాక్టరీలో ఇప్పుడు స్టార్టప్‌లు. గూగుల్ ఆఫీసు ఉన్నదీ ఒకప్పటి రబ్బరు ఫ్యాక్టరీలోనే.

ఈ మలుపుకు పెద్ద కారణం పక్కనున్న వాటర్లూ యూనివర్సిటీ. 1957లో మొదలైనప్పటి నుంచే అక్కడ కో-ఆప్ పద్ధతి ఉంది. అంటే సుమారు నాలుగు నెలలు క్లాసు, నాలుగు నెలలు కంపెనీలో జీతంతో పని. అక్కడే చదువుతూ, డిగ్రీ పూర్తికాకుండానే బయటికొచ్చిన మైక్ లజారిడిస్ స్నేహితుడితో కలిసి 1984లో పెట్టిన కంపెనీదే బ్లాక్‌బెర్రీ ఫోన్. ఆ ఫోన్లు కనుమరుగైనా, నేర్చుకున్న ఇంజినీర్లు ఊళ్లో మిగిలారు. కొత్త కంపెనీలకు కావాల్సింది వాళ్లే కదా!

ఇక్కడో మాట. కో-ఆప్ సీటు వస్తే ఉద్యోగం చేతికొచ్చినట్టు కాదు. ప్రతి పని టర్మ్‌కీ దరఖాస్తు పెట్టాలి, ఇంటర్వ్యూ గట్టెక్కాలి. తోటి విద్యార్థులతోనే పోటీ. ‘వాటర్లూలో సీటు ఇప్పిస్తాం’ అని కన్సల్టెన్సీ వాళ్లు చెబితే, అది ఆ యూనివర్సిటీయేనా, ఆ ఊళ్లోని వేరే కాలేజీయా, కోర్సులో కో-ఆప్ ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగండి.