ఇండ్లు కట్టు స్త్రీలును వారి పరిచయములును

విశాఖపట్టణమున ప్రొద్దుట ఏడుగంటలవేళ పెద్దకూడళ్ల ప్రక్కగా నడచిపోవువారికి నిత్యమును కనబడు దృశ్య మొకటి కలదు. చేత అన్నపు క్యారేజీ, తలకు చుట్టుకొనుట కొక పాతగుడ్డ, ప్రక్కన తట్టయు పారయు నుంచుకొని, పురుషులును స్త్రీలును గుంపులుగా నిలిచి యెవ్వరి రాకకో యెదురుచూచుచుందురు. ఆ చోటును అడ్డా యందురు. మేస్త్రి యొకడు వచ్చి, చూపువ్రేలితో నలుగురిని పిలుచును. వారు పనికి పోవుదురు. ప్రొద్దెక్కువరకు నెవ్వరును పిలువనివారు క్యారేజీ విప్పకయే యింటిదారి పట్టుదురు.

సోదరీమణులారా! ఇందు మనము గమనింపవలసిన దేమనగా, అడ్డాలో పిలుపు వచ్చుట పనితనము నొక్కదానినే బట్టి కాదు, పరిచయమును బట్టి. మేస్త్రి తన యూరివారిని, తన చుట్టములను, నిన్న తనతో పనిచేసినవారిని ముందు పిలుచును. ఎఱుగనివారి వంతు చివరకు వచ్చును; ఒక్కొక్కప్పుడు రానే రాదు.

మన పట్టణము పెరిగిన తీరే యిట్టిది. 1933లో నౌకాశ్రయము తెఱవబడెను. 1941లో సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపనము చేసిరి. 1971లో ఉక్కు కర్మాగారమునకు ఇందిరాగాంధిగారు పునాదిరాయి వేయగా, 1992లో పి. వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము గావించిరి. ఇట్లు పెరిగిన పట్టణమునకు శ్రీకాకుళము, విజయనగరము పల్లెలనుండి కూలిజనము తరలివచ్చుచునే యున్నది. ముందు వచ్చినవాడు వెనుక వచ్చువానికి తల దాచుకొనుచోటు చూపును, మేస్త్రితో చెప్పును, అడ్డాలో తన ప్రక్కను నిలుపుకొనును. చేత కాసు లేని వారికి పరిచయమే పెట్టుబడి.

అయితే ఈ పెట్టుబడి పురుషునకు పెరిగినట్లు స్త్రీకి పెరుగదు. సిమెంటు కలుపుటకు వచ్చిన కుఱ్ఱవాడు కొన్నాళ్లకు తాపీ పట్టును. మఱికొన్నాళ్లకు మేస్త్రి యగును. అదృష్టము కలిసివచ్చిన చిన్న గుత్తేదారు గూడ నగును. ప్రతి మెట్టునను వాని చేయి పట్టి పైకి లాగు నొక పురుషుడుండును. వానితో నొక్కనాడే పనికి వచ్చిన యాడుది యిరువదియేండ్లకును ఇసుకతట్టయే మోయుచుండును. ఆమెకు పరిచయములు లేక కాదు. ఆ పరిచయములన్నియు ఆమెవలె తట్ట మోయువారివే యగుటచేత, పై మెట్టునుండి పిలుచువారు లేకపోయిరి.

నిరుటి వేసవిలో మా వంటయింటిగోడ బాగుచేయించితిమి. మధ్యాహ్నము మేస్త్రి భోజనమునకు పోయినప్పుడు, కూలికి వచ్చిన నడివయస్సు స్త్రీ తాపీ తీసికొని, అతడు విడిచిన చోటినుండి నాలుగు వరుసలు చక్కగా పేర్చినది. రసమట్టము పెట్టి తానే సరిచూచుకొన్నది. నేను వింతపడి, "నీకీ పని వచ్చునా, అమ్మా?" యని యడిగితిని. "ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నానమ్మగారూ, రాకేం? కాని ఆడదాని చేతికి తాపీ ఎవరిస్తారు?" అని నవ్వి, మేస్త్రి వచ్చు సవ్వడి విని తాపీ యథాస్థానమున నుంచి తట్ట యెత్తుకొన్నది. ఆ సాయంకాలము ఆమె చేతికి వచ్చిన కూలి మేస్త్రి కూలికంటె మిక్కిలి తక్కువ. సమానమైన పనికి సమానవేతన మీయవలెనని 1976లోనే చట్టము చేయబడినది. 2019 నాటి వేతనస్మృతియు దానినే పలుకుచున్నది. కాని పనియే సమానముగా దొరకనిచోట వేతన మెట్లు సమానమగును?

కట్టుబడి వృత్తిలో పై మెట్టుననున్నవారు పరిచయముల విలువ నెన్నడో కనిపెట్టిరి. ఇంజనీర్ల సంస్థ 1920లోనే యేర్పడినది. గుత్తేదారులు 1941లో బిల్డర్స్ అసోసియేషన్ స్థాపించుకొనిరి. అట్టి సభలలో కలిసికొనువారు క్రొత్తపనుల సంగతి వినుదురు. ఒకరినొకరు సిఫారసు చేసికొందురు. కష్టమువచ్చిన ఒక్క గొంతుతో మాటలాడుదురు.

చదువుకొన్న స్త్రీకిని ఈ తోడు లేనినాడు ఒంటరితనమే. మన తెలుగుబిడ్డ అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదేండ్లకే భర్తను గోల్పోయి, పసిబిడ్డను పెంచుకొనుచు, గిండీ కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము చదివి 1943లో ఇంజనీరైరి. భాక్రానంగల్ విద్యుత్ప్రసార నిర్మాణములలో పాలుగొనిరి. 1964లో న్యూయార్కున స్త్రీ ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయసభ జరుగగా, మన దేశమున అట్టి సంఘము లేనందున తమంతట తామే వెళ్లిరి. మఱుసటి యేడు లండను స్త్రీ ఇంజనీర్ల సంఘమున సభ్యురాలై, 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండవ సభకు మన దేశమున ప్రతినిధిగా వ్యవహరించిరి. తాను పైకి వచ్చితి నని యూరకుండక, తోడివారిని వెదకుకొనుచు సముద్రములు దాటిన యా తల్లి మనకు ఆదర్శము.

తట్ట మోయు స్త్రీలకు సముద్రము దాట నక్కఱలేదు. మన దేశముననే ఝార్ఖండు రాష్ట్రమున పల్లెస్త్రీలు తాపీపని నేర్చి, మరుగుదొడ్లు కట్టి, రాణీమేస్త్రీలని పేరు పొందిరి. కేరళమున 1998లో ప్రారంభమైన కుటుంబశ్రీ సంఘములలోని స్త్రీలు జట్టులుగా కూడి యిండ్లే కట్టుచున్నారు. మన యాంధ్రదేశమున వీధివీధిని పొదుపుసంఘములు కలవు. డబ్బు కూడబెట్టుటకు పదిమంది కూడినచోటనే పనివార్త పంచుకొనుట కేల కూడరాదు? తాపీ వచ్చిన యొక్క స్త్రీ మఱి యిద్దఱికి నేర్పిన, మూడేండ్లలో ఆ జట్టునకు తమ మేస్త్రియే తమలోనుండి రాగలదు.

పేరు నమోదు సంగతియు చెప్పవలెను. కట్టుబడి కార్మికుల క్షేమమునకై 1996లో చట్టము పుట్టినది. ఇప్పుడది 2020 సామాజిక భద్రతాస్మృతిలో చేరియున్నది. కట్టడపు ఖర్చులో నూటి కొకటికి తక్కువ కాకుండ సుంకము వసూలుచేసి క్షేమనిధికి చేర్పవలెననియు, ఆ నిధినుండి ప్రమాదసహాయము, ప్రసూతిసహాయము, వృద్ధాప్యపు పింఛను మొదలగునవి యీయవచ్చుననియు దాని సారాంశము. అందు చేరుటకు వయస్సు పదునెనిమిదికిని అఱువదికిని మధ్య నుండవలెను. గడచిన పండ్రెండు మాసములలో తొంబది దినములు పని చేసియుండవలెను. దినమున కొక యింట పనిచేయు కూలిస్త్రీకి తొంబది దినముల సాక్ష్య మెవరు పలుకుదురు? ఇక్కడను పరిచయమే కావలెను.

పని నిలిచిన దినములలో దీని విలువ తెలియును. 2019లో ఇసుక దొరకక కట్టడములు నిలిచినప్పుడును, 2020లో కరోనాకై పట్టణములు మూయబడినప్పుడును అడ్డాలు శూన్యమయ్యెను. పుస్తకమున పేరులేనివారి ఆకలి లెక్కకు రాలేదు.

ఇల్లాండ్రమైన మనము చేయదగిన పని కష్టమైనది కాదు. ఇంట పనికి వచ్చినవారి పేరడుగుడు. ఎన్ని దినములు చేసిరో చీటిపై వ్రాసి, సంతకముచేసి యిండు. స్త్రీ పనితన మెఱిగినచో మేస్త్రి యెదుటనే మెచ్చుకొనుడు. పొరుగింట గోడపని యున్నప్పుడు ఆమె పేరు చెప్పుడు. నేను ఆ గోడ కట్టిన స్త్రీకి చీటి వ్రాసి యిచ్చితిని. ఆమె దానిని రెండుమార్లు చదివించుకొని, కొంగున ముడివేసికొని వెళ్లినది. కొన్ని నెలలు గడచినపిమ్మట, మా వీధి చివరి యింట అరుగు కట్టుచు ఆమె నాకు మరల కనబడినది. ఆనాడు ఆమె చేత తట్ట లేదు, తాపీ యుండెను.