వాచీ చైను మీద గీతలు: ఇంట్లో ఎంతవరకు తీయవచ్చు?

మామగారి వాచీ ఆరేళ్ళుగా మా బీరువాలోనే ఉంది. సీకో ఆటోమేటిక్, స్టీలు చైను. ఇక్కడ సుంగై సుమున్ చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో గెలలు కోసిన చేతికి ఉన్న వాచీ కాబట్టి, చైను మీద గీత లేని చోటు లేదు. ఈమధ్య ఫారం ఫోర్ చదువుతున్న మావాడు "తాతయ్య వాచీ నేను పెట్టుకుంటాను, కానీ గీతలు తీసెయ్యమ్మా" అన్నాడు. మా అత్తగారేమో "గీకి గీకి దాన్ని అరగదీయకు" అన్నారు. ఇద్దరి మాటా నిలబెట్టాలి.

నిజానికి అత్తగారి మాటలోనే అసలు విషయం ఉంది. గీతను ఇంట్లో పూడ్చలేం. దున్నిన చాలు కనబడకుండా పోవాలంటే రెండు పక్కల మట్టినీ దాని లోతుకు దించాలి కదా, ఇదీ అంతే. చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీస్తేనే గీత మాయమవుతుంది. గోరు పెట్టి లాగితే తట్టుకోని సన్నగీతలకు ఇంటివైద్యం చాలు. గోరు ఆగిపోయేంత లోతైన గాటును వదిలేయడమే మంచిది.

ముందు చైను దేనితో చేసిందో చూసుకోండి. బంగారు రంగు వాచీలు చాలావరకు పూత వేసినవే. పెళ్ళిలో అల్లుడికి పెట్టినవి మన ఇళ్ళల్లో ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. అంచుల్లో రంగు మారి లోపలి లోహం కనిపిస్తుంటే పూత అని అర్థం. దాన్ని పాలిష్ చేస్తే గీతతోపాటు బంగారమూ పోతుంది. నల్లపూత వాచీలదీ అదే కథ. ఈ రెంటినీ సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి ఊరుకోండి.

స్టీలు అయితే భయం లేదు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగలగానే ఆక్సైడ్ పొరగా మారి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. మనం గీకినా ఆ పొర తనంతట తానే మళ్ళీ ఏర్పడుతుంది. కానీ అంట్లు తోమే ఇనుప పీచు మాత్రం వాడకండి. దాని రేణువులు చైనులో ఇరుక్కుని, తర్వాత అవే తుప్పు పడతాయి. క్లోరిన్ బ్లీచులో నానబెట్టడం కూడా స్టీలుకు చేటు.

నేను చేసిన పొరపాటు చెబుతాను. ఈ చైనుకు అంచు కడ్డీలు అద్దంలా మెరుస్తాయి, మధ్య కడ్డీలు ఒకే దిశలో సన్నని చారలతో మసకగా ఉంటాయి. అది చూసుకోకుండా, మోటారు సైకిళ్ళ సామాన్ల కొట్టులో దొరికే ఆటోసాల్ పేస్టు మొత్తానికి రుద్దేశాను. మధ్య కడ్డీ ఒకటి నున్నగా మెరిసిపోయి, పక్కవాటితో కలవకుండా వేరుగా కనిపించింది.

సరిచేయడానికి అరపూట పట్టింది. చైనును వాచీ నుంచి విడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో పాత పళ్ళ బ్రష్‌తో మురికి తీసి ఆరబెట్టాను. కడగకుండా రుద్దితే ఆ మట్టే కొత్త గీతలు పెడుతుంది. మెరిసే అంచులకు టేపు అంటించి, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ కొత్తది తీసుకుని, మధ్య కడ్డీల మీద పాత చారలు ఏ దిశలో ఉంటే ఆ దిశలోనే, ముందుకు మాత్రమే లాగాను. గుండ్రంగా తిప్పకూడదు, ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. నాలుగైదు సార్లు లాగి వెలుతురులో చూసుకోవాలి. కొక్కెం లోపలివైపు ముందు ఒకసారి ప్రయత్నించి చూస్తే ధైర్యం వస్తుంది.

తర్వాత టేపు తీసి మధ్య కడ్డీలకు అంటించి, అంచులకు మాత్రం మెత్తని నూలుగుడ్డతో బఠాణీ గింజంత పేస్టు రుద్దాను. టూత్‌పేస్టు కూడా పనిచేస్తుందంటారు. అందులోని సిలికా లాంటి పొడి వల్ల కొంత నిజమే, కానీ స్టీలు మీద మరీ సన్నని మరకలకు తప్ప చాలదు. చివర మళ్ళీ కడిగి, సందుల్లో తేమ లేకుండా ఆరబెట్టాలి. ఈ ఉక్కపోతలో చెమట ఉప్పు సందుల్లో నిలిస్తే స్టీలునైనా తింటుంది. నెలకోసారి కడగడం అందుకే.

కొక్కెం పక్కనున్న లోతైన గాటును ముట్టుకోలేదు. అది ఏ తోటలో, ఏ కత్తి తగిలి పడిందో అత్తగారు మావాడికి చెబుతున్నారు. వాచీ ఇప్పుడు రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతోంది. దానికి నా చేతిపని చాలదు, తెలుక్ ఇంతాన్ తీసుకెళ్ళాలి.